కొలను చుట్టూ 40 మీటర్ల రాగి

అమెరికాలో ఇంటి పెరట్లో ఈతకొలను కట్టేటప్పుడు, గట్టు మీద కాంక్రీటు పోయకముందే దాని చుట్టూ ఒక రాగి తీగ పాతిపెడతారు. పైన తొడుగు లేని ఒంటి తీగ. మందం 3.26 మిల్లీమీటర్లు. 6 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉండే మామూలు కొలనుకి ఇంచుమించు 40 మీటర్లు పడుతుంది. తూచితే 3 కిలోలు. దీనివల్ల మోటారు తిరగదు, లైటు వెలగదు. కాంక్రీటు పడ్డాక మళ్లీ ఎవరికీ కనబడదు. ఆ దేశపు నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో, అంటే ఎన్‌ఈసీలో, ఈ తీగ సంగతి 680.26 సెక్షన్‌లో ఉంది. అక్కడే ఇంకో మాట కూడా ఉంది: ఈ తీగని దూరాన ఉన్న ప్యానెల్ దాకా గానీ, ఎర్త్ రాడ్డు దాకా గానీ లాక్కెళ్లి కలపాల్సిన పని లేదు.

ఈ మాట చెబితే మనవైపు చాలామంది నమ్మరు. ఎర్తింగ్ అంటే మనకు గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, పైపు దింపి, ఎండాకాలంలో రెండు బిందెల నీళ్లు పోసే వ్యవహారం. లీకైన కరెంటు ఆ గోతిలోంచి భూమిలోకి పోతుంది, మనిషి బతుకుతాడు అన్నది అందరి నమ్మకం. మరి భూమిలోకే పోని తీగ ఎవరిని కాపాడుతుంది?

ముందు ఆ గోతి లెక్క చూద్దాం. ఒక్క ఎర్త్ రాడ్డు భూమితో 25 ఓమ్‌లు, అంతకన్నా తక్కువ నిరోధం చూపిస్తే ఎన్‌ఈసీ రెండో రాడ్డు అడగదు. అమెరికా ఇళ్లలో ప్లగ్గుకి వచ్చేది 120 వోల్టులు. లోపల ఫేజు తీగ ఊడి పంపు బాడీకి తగిలిందనుకోండి. ఆ బాడీకి 25 ఓమ్‌ల రాడ్డు తప్ప వేరే దారి లేదనుకోండి. 120ని 25తో భాగిస్తే 4.8 ఆంపియర్లు. ఆ సర్క్యూట్ మీద బ్రేకరు 20 ఆంపియర్లది. అది పడదు. పంపు బాడీ ప్రాణాలు తీసే వోల్టేజీతో అలాగే ఉంటుంది. మన 230 వోల్టులతో లెక్క వేసినా వచ్చేది 9.2 ఆంపియర్లే, 16 ఆంపియర్ల ఎంసీబీకి అదీ చాలదు. బ్రేకరు పడాలంటే కరెంటు మట్టిలోంచి కాకుండా లోహపు తీగలోంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి తిరిగి వెళ్లాలి. అందుకే అక్కడ పంపుకి విడిగా ఒక ఎర్త్ వైరు వేసి, దాన్ని మెయిన్ ప్యానెల్‌లో న్యూట్రల్‌తో కలుపుతారు. బ్రేకరుని పడగొట్టే పని ఆ వైరుది. భూమిది కాదు.

కొలను చుట్టూ ఉన్న రాగి తీగది ఈ రెండు పనుల్లో ఏదీ కాదు. 11,000 వోల్టుల తీగ మీద కాకి వాలుతుంది, ఈకలు సర్దుకుంటుంది, ఎగిరిపోతుంది. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి, మధ్యలో తేడా లేదు. షాక్ కొట్టేది వోల్టేజీ ఎక్కువై కాదు, మన ఒంట్లో రెండు చోట్ల వోల్టేజీ వేరువేరై. కొలను దగ్గర ఒక మనిషి ఒకేసారి ముట్టుకోగలిగినవన్నీ, అంటే నీళ్లు, నిచ్చెన, రెయిలింగు, లైటు చట్రం, పంపు, కాళ్ల కింద తడి గట్టు, ఒకే వోల్టేజీలో ఉండేలా కట్టిపడేయడాన్ని బాండింగ్ అంటారు. అందరూ 4 వోల్టుల మీద ఉంటే ఎవరికీ ఏమీ కాదు. ఒకటి 4లో, ఇంకొకటి సున్నాలో ఉంటేనే గొడవ.

4 వోల్టులకే అంత భయమా? ఒంటి మీద నీళ్లు లేనప్పుడు భయం లేదు. పొడి చర్మానికి వేల ఓమ్‌ల నిరోధం ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీల రెండు కొసలూ పట్టుకుంటే మనకు ఏమీ తెలియకపోవడానికి కారణం అదే. నీళ్లలో నానిన శరీరానికి ఆ కవచం పోతుంది. ఇంజనీర్లు లెక్కకి 500 ఓమ్‌లు తీసుకుంటారు. నీట మునిగినప్పుడు అంతకన్నా తగ్గుతుంది కూడా. 500 ఓమ్‌ల మీద 4 వోల్టులంటే 8 మిల్లీ ఆంపియర్లు. 8 వోల్టులంటే 16.

ఈ 16 అన్న అంకెకి ఒక చరిత్ర ఉంది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్, ముందుకొచ్చిన వాలంటీర్ల చేతికి తీగ ఇచ్చి, కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ, ఎప్పటిదాకా దాన్ని తమంతట తాము వదిలెయ్యగలరో కొలిచాడు. మగవాళ్లలో సగటు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లలో 10.5. నూటికి 99.5 మంది వదిలెయ్యగలిగే హద్దు చూస్తే మగవాళ్లకి 9, ఆడవాళ్లకి 6. అది దాటితే కండరాలు బిగుసుకుపోతాయి, మనసు వదలమన్నా చెయ్యి వదలదు. నేల మీద ఉన్నవాడు కనీసం పక్కకి పడిపోతాడు. నీళ్లలో ఉన్నవాడు చేతులూ కాళ్లూ ఆడించలేక మునిగిపోతాడు. గుండె ఆగేంత కరెంటు అక్కర్లేదు, ఈత ఆగేంత ఉంటే చాలు.

అదే డాల్జీల్ 1961లో జీఎఫ్‌సీఐ అనే పరికరం తయారుచేశాడు. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని అది చూస్తూ ఉంటుంది. తేడా 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల మధ్యకి రాగానే సర్క్యూట్ తెంచేస్తుంది. నీళ్లలోపలి లైట్లకి దీన్ని పెట్టాలని ఎన్‌ఈసీ 1968లోనే చెప్పింది. ఇప్పుడు పంపులకీ తప్పనిసరి. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ 2003లో ఒక లెక్క చెప్పింది: అంతకు ముందరి 13 ఏళ్లలో కొలనుల్లో, వాటి చుట్టుపక్కల కరెంటు వల్ల 60 మంది దాకా చనిపోయారు, దాదాపు 50 మందికి తీవ్రమైన షాక్‌లు తగిలాయి. కారణాలుగా ఆ సంస్థ ముందు చెప్పినవి పాడైన లైట్లు, ఏళ్లుగా ఎవరూ చూడని పాత వైరింగు, నీళ్లలో పడే ఎక్స్‌టెన్షన్ కార్డులు. వీటిలో చాలావాటికి జీఎఫ్‌సీఐ మందు. కాబట్టి ఒకటే కొనగలిగిన వాళ్లు ముందు జీఎఫ్‌సీఐ కొనాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ అది చూడలేని జబ్బు ఒకటుంది. రాగి తీగ ఉన్నది దాని కోసం.

ఆ జబ్బు పేరు న్యూట్రల్ వోల్టేజీ. అమెరికాలో వీధి లైన్ల న్యూట్రల్ తీగని ప్రతి మైలుకీ కనీసం 4 చోట్ల భూమికి కలుపుతారు. ఇళ్లలో వాడిన కరెంటు ఈ న్యూట్రల్ మీదుగా తిరిగి వెళ్తుంది. కొంత తీగలోంచి, కొంత మట్టిలోంచి. తీగకి ఎంత చిన్నదైనా నిరోధం ఉంటుంది. వీధి న్యూట్రల్‌లో 20 ఆంపియర్లు పారుతున్నాయి, వెనక్కి వెళ్లే దారి నిరోధం 0.2 ఓమ్ అనుకుంటే, మీ ఇంటి దగ్గర న్యూట్రల్ దూరపు నేలకన్నా 4 వోల్టుల మీద ఉన్నట్టే. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏదీ తెగలేదు, ఏదీ కాలలేదు. ఎండాకాలం సాయంత్రం వీధి వీధంతా ఏసీలు వేస్తే వస్తుంది, అర్ధరాత్రికి తగ్గుతుంది.

ఇక దారి చూడండి. వీధి న్యూట్రల్ ఇంటి న్యూట్రల్‌తో కలిసి ఉంది. ఇంటి న్యూట్రల్, ఇందాక చెప్పినట్టు, మెయిన్ ప్యానెల్‌లో ఎర్త్ వైరుతో కలిసి ఉంది. ఆ ఎర్త్ వైరు పంపు బాడీకి వెళ్లింది. పంపు బాడీ నీళ్లతో, నిచ్చెనతో, కొలను అడుగున ఉన్న ఇనుముతో కలిసి ఉంది. అంటే బ్రేకరుని పడగొట్టడానికి నిజాయితీగా వేసిన వైరే వీధిలోని 4 వోల్టుల్ని తెచ్చి నీళ్లలో పెట్టింది. పక్కన పచ్చిగడ్డి మాత్రం సున్నా దగ్గర ఉంది. తడికాలు గడ్డి మీద పెట్టి, చేత్తో నిచ్చెన పట్టుకున్నవాడు ఆ రెండింటికీ మధ్య 500 ఓమ్‌ల వంతెన అవుతాడు. నేల నిరోధం కొంత అడ్డుపడి పూర్తి 8 మిల్లీ ఆంపియర్లు పారకపోవచ్చు. కానీ చిటచిటలాడుతుంది, పిల్లలు కెవ్వుమంటారు.

యజమాని పరుగెత్తి మెయిన్ ఆపేస్తాడు. అయినా ఆగదు. ఇంటి మెయిన్ ఫేజుల్ని తెంచుతుంది కానీ న్యూట్రల్‌ని తెంచదు. జీఎఫ్‌సీఐ పడదు, ఎందుకంటే ఈ కరెంటు దాని సర్క్యూట్‌లోంచి రావడం లేదు; అది చూసే రెండు తీగల్లోనూ లెక్క సరిగ్గానే ఉంది. ఇంకో రాడ్డు పాతినా వీధంతటి న్యూట్రల్‌ని 25 ఓమ్‌ల రాడ్డు ఏం లాగగలదు?

ఇక మిగిలింది ఒకటే ఉపాయం. వింటే విడ్డూరంగా ఉంటుంది: 4 వోల్టుల్ని తీసెయ్యలేం కాబట్టి గట్టుని కూడా 4 వోల్టుల మీదకి ఎక్కించడం. నీళ్ల మీదున్న వోల్టేజీయే కాళ్ల కిందికీ తెస్తే మధ్యలో ఉన్న మనిషికి ఏమీ తెలియదు. కోడ్ కూడా ఈ సెక్షన్ ఉద్దేశాన్ని ఇలాగే చెబుతుంది: కొలను చుట్టూ వోల్టేజీ హెచ్చుతగ్గుల్ని తగ్గించడం. ‘తగ్గించడం’ అంటుంది, ‘లేకుండా చెయ్యడం’ అనదు. ఈ గొడవ పాడి రైతులకీ తెలుసు. నీళ్ల తొట్టిలో మూతి పెట్టిన ఆవుకి నాలుగు కాళ్లూ తడి కాంక్రీటు మీద ఉంటాయి, చెప్పుల్లేవు. తొట్టికీ నేలకీ కొద్ది వోల్టుల తేడా ఉన్నా నీళ్లు తాగడానికి జంకుతుంది. పశువుల కొట్టాల నేలనీ ఇలాగే సమం చెయ్యాలని ఎన్‌ఈసీలో 547వ ఆర్టికల్ ఉంది.

ఇప్పుడు తీగ కొలతలు. కోడ్ అడిగేది 8 ఏడబ్ల్యూజీ, అంటే అమెరికా లెక్కలో 8 గేజీ, పోగులు కాని గట్టి రాగి తీగ, అడ్డుకోత 8.37 చదరపు మిల్లీమీటర్లు. కరెంటు మొయ్యడానికి ఇంత మందం అక్కర్లేదు. మట్టిలో, క్లోరిన్ చెమ్మలో, కాంక్రీటు పోసేవాళ్ల బూట్ల కింద తట్టుకోవాలి కాబట్టి ఇంత. 40 మీటర్ల తీగ మొత్తం నిరోధం 0.08 ఓమ్, ఒక ఆంపియరు పారినా ఈ కొసకీ ఆ కొసకీ తేడా 0.08 వోల్టే. కొలను గోడ లోపలి అంచు నుంచి 1 మీటరు దాకా ఉన్న గట్టంతా ఈ కట్టులోకి రావాలి, అది కాంక్రీటయినా, రాళ్ల పరుపయినా, ఉత్త మట్టయినా. కాంక్రీటులో ఇనుప చువ్వలుంటే అవే చాలు; కొలనుతో కనీసం 4 చోట్ల, చుట్టూ సమదూరంలో కలపాలి. చువ్వలు లేకపోతే రాగి తీగ: గోడ నుంచి 45 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో, చదును చేసిన నేలకి 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున, కొలను వంపు వెంటే.

కొలను తొట్టి సంగతి ఇంతకన్నా తేలిక, చూడముచ్చట కూడా. కాంక్రీటు తొట్టిలో చువ్వల్ని మేస్త్రీలు బైండింగ్ వైరుతో ముడివేస్తారు కదా, ఆ ముడులే బాండింగ్‌గా సరిపోతాయని కోడ్ ఒప్పుకుంటుంది. వందల ముడులు కలిసి మంచి దారే అవుతాయి. కానీ చువ్వలకి తుప్పు పట్టకుండా ఎపాక్సీ పూత పూస్తే ఆ పూతే కరెంటుని ఆపుతుంది; అప్పుడు 30 సెంటీమీటర్ల గడులతో రాగి వల అల్లాలి. ఫైబర్‌గ్లాస్ తొట్టి, వినైల్ పొర వేసిన తొట్టి కరెంటుని పోనివ్వవు. వాటిలో నీళ్లు ఏ లోహాన్నీ తాకకుండా ఉండిపోవచ్చు. అందుకని నీళ్లకి విడిగా కనీసం 5,800 చదరపు మిల్లీమీటర్ల లోహపు ఉపరితలం తగలాలంటారు. అంటే 7.6 సెంటీమీటర్ల చదరపు పలక, అరచేతికన్నా చిన్నది. చాలా కొలనుల్లో లోహపు నిచ్చెనో లైటు చట్రమో ఆ పని చేసేస్తుంది. కొలను అంచు నుంచి 1.5 మీటర్లలోపు, నీటిమట్టం మీద 3.7 మీటర్ల ఎత్తులోపు కదలకుండా బిగించిన లోహాలన్నీ, కంచె, తలుపు చట్రం, పందిరి స్తంభం, ఈ కట్టులో కలవాలి. ఏ వైపునా 10 సెంటీమీటర్లు దాటకుండా, కొలనులోకి 2.5 సెంటీమీటర్లకన్నా దిగకుండా విడిగా ఉన్న చిన్న కొక్కేలకి మినహాయింపు.

గట్టు దగ్గర ఒంటి తీగ చాలునా, రాగి వల కావాలా అన్నది అమెరికాలో పాత తగువు. 2005 కోడ్ వల లాంటి ఏర్పాటు అడిగింది. 2008లో ఒంటి తీగకి దారి ఇచ్చారు. 2020లో రాగి వలని మళ్లీ పేరు పెట్టి ఒక పద్ధతిగా చేర్చారు. డబ్బు లెక్క చూస్తే తగువు అర్థమవుతుంది. మన 6 బై 12 కొలను చుట్టూ మీటరు పట్టీ 40 చదరపు మీటర్లు. 30 సెంటీమీటర్ల గడులతో వల అల్లితే చదరపు మీటరుకి 6.7 మీటర్ల తీగ, మొత్తం దాదాపు 267 మీటర్లు, 20 కిలోల రాగి. ఒంటి తీగయితే 3 కిలోలు. కొలనులు కట్టేవాళ్లు దేనివైపు ఉంటారో చెప్పక్కర్లేదు. కానీ ఒంటి తీగ తన నెత్తి మీదున్న మట్టిని మాత్రమే బాగా పైకెత్తుతుంది. అటూ ఇటూ జరిగేకొద్దీ వోల్టేజీ జారుతుంది. 50 సెంటీమీటర్ల దగ్గర ఒక కాలు, 90 దగ్గర ఇంకో కాలు పెట్టిన మనిషికి మళ్లీ తేడా మొదలవుతుంది. చువ్వలున్న కాంక్రీటు గట్టయితే ఈ చర్చే అనవసరం. ఉత్త మట్టి మీద రాళ్లు పరిచిన గట్టయితే, నా మటుకు నేను 17 కిలోల తేడా దగ్గర బేరమాడను.

మన దేశంలో వైరింగు ప్రమాణాలు అమెరికా దారిలో కాక, అంతర్జాతీయ సంస్థ ఐఈసీ దారిలో నడుస్తాయి. అక్కడ కొలనుని మండలాలుగా కొలుస్తారు. తొట్టి లోపల 0 మండలం. అంచు నుంచి 2 మీటర్ల దాకా, 2.5 మీటర్ల ఎత్తు దాకా 1వ మండలం. ఇంకో 1.5 మీటర్లు 2వ మండలం. నీళ్లలో వాడే వోల్టేజీ 12కి మించకూడదు, అదీ విడిగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, భూమితో ఏ సంబంధమూ లేకుండా. ఈ మండలాల్లోని లోహాలన్నిటికీ బాండింగ్ తప్పనిసరి. తీగకి దెబ్బ తగలకుండా రక్షణ ఉంటే 2.5 చదరపు మిల్లీమీటర్లు, లేకపోతే 4 కనీసం. అమెరికా అడిగేదాంట్లో సగమన్నమాట.

నాకు ఎక్కువ కలవరం కలిగించేది ఇంకో అంకె. జీఎఫ్‌సీఐకి బదులు మనం మనుషుల రక్షణకని పెట్టుకునే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లది. గుండె లయ తప్పకుండా ఆపడానికి ఎంచుకున్న హద్దు అది, నేల మీద ఉన్న మనిషికి సరైనదే. డాల్జీల్ లెక్కలో చెయ్యి వదలగల హద్దు 6 నుంచి 16. ఈతగాడికి ఆ మధ్యలోనే ప్రమాదం ఉంది. 30 మిల్లీ ఆంపియర్ల పరికరం మామూలుగా 15 దాకా కదలకుండా ఉండేలా తయారవుతుంది. హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీల్లో ‘ఆర్‌సీసీబీ ఉందండీ’ అని సంతకం పెట్టేవాళ్లు ఆ మాట ఎక్కడికి వర్తిస్తుందో గమనించాలి: గదిలో గీజరుకి. కొలనులో 12 వోల్టుల లైటూ, బాండింగూ లేకుండా ఆ ఒక్కటీ చాలదు.

ఇంకో చిక్కు గేజీలో ఉంది. మన ఎర్తింగ్ పనుల్లో 8 గేజీ అంటే బ్రిటిషు లెక్క, ఎస్‌డబ్ల్యూజీ: 4.06 మిల్లీమీటర్లు. అమెరికా 8 గేజీ 3.26. మన లెక్కలో అది 10 గేజీకి దగ్గర. అమెరికా డ్రాయింగు చూసి ఇక్కడ 8 గేజీ తెస్తే మందం ఎక్కువే అవుతుంది, నష్టం లేదు. ఇక్కడి 10 గేజీ అలవాటుతో అక్కడ 10 గేజీ కొంటే తీగ 2.59 మిల్లీమీటర్లకి పడిపోతుంది, ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు.

డాలస్ చుట్టుపక్కల కొలనున్న ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. టెక్సాస్ 2023 సెప్టెంబరు 1 నుంచి 2023 కోడ్‌ని అమల్లో పెట్టింది, కానీ పాత కొలను అప్పటి కోడ్ ప్రకారం కట్టిందే. 1990ల నాటి రాళ్ల గట్టు కింద రాగి తీగ లేకపోవచ్చు, అది అప్పట్లో తప్పు కాదు. పాతిన తీగని తవ్వకుండా చూడలేం. చూడగలిగింది పంపు దగ్గర ఉంటుంది: మోటారు బాడీ బయట ఒక చిన్న బిగింపు, దానికి మట్టిలోంచి వచ్చిన వట్టి రాగి తీగ. మోటారు మార్చిన చాలా చోట్ల ఆ తీగ ఊడి పక్కన వేలాడుతూ కనిపిస్తుంది, ఎందుకంటే అది లేకపోయినా మోటారు చక్కగా తిరుగుతుంది. ఉప్పునీటి క్లోరినేటరు ఉన్న కొలనుల్లో నీటిలో ఉప్పు పది లక్షల పాళ్లలో 3,000కి అటూఇటూ ఉంటుంది. అక్కడ నిచ్చెన గుంటల్లోని బిగింపుల్ని తుప్పు తొందరగా తినేస్తుంది, వాటినీ విప్పించి చూడాలి. కొత్త ఇనుప కంచె 1.5 మీటర్లలోపు వస్తుంటే దాన్నీ కట్టులో కలపమని అడగాలి. కొత్తగా కట్టించుకుంటున్నవాళ్లయితే కాంక్రీటు లారీ రాకముందే, ఇన్‌స్పెక్టరు చూసి వెళ్లాక, టేపు పక్కన పెట్టి నాలుగు కలయికల చోటా ఫొటోలు తీసి ఉంచుకోవాలి. ఎక్కడైనా చిటచిట తెలిస్తే ఎలక్ట్రీషియన్ మీటరు రెండు మొనల మధ్య 500 ఓమ్‌ల రెసిస్టరు పెట్టి నీళ్లకీ గట్టుకీ మధ్య కొలవాలి. ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి వీధిలో ఏసీలన్నీ నడిచే సాయంత్రం, ఒకసారి ఇంటి మెయిన్ ఆపి. మెయిన్ ఆపినా అంకె తగ్గకపోతే ఫోను చెయ్యాల్సింది పూల్ కంపెనీకి కాదు, కరెంటు కంపెనీకి.